గురువుకు పీట వేసేదెవరు? కన్ఫ్యూషియస్ పరంపరలో తాత్వికుల గౌరవం



తత్వశాస్త్రం బోధించిన ఒక ఉపాధ్యాయుడి పేరిట మాట్లాడమని నన్ను పిలిచారు. ఏ విషయం ఎంచుకోవాలని ఆలోచించినప్పుడు, గురువులను స్మరించుకోవడమనే ఈ పనినే ఎందుకు విషయంగా తీసుకోకూడదనిపించింది. మనకు గురుపూర్ణిమ ఉంది, సెప్టెంబరు 5 ఉంది, విగ్రహాలున్నాయి, జయంతులూ వర్ధంతులూ ఉన్నాయి. కానీ ఏ గురువుకు ఎంత గౌరవం ఇవ్వాలి, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలి, ఎవరిని లోపలికి పిలవాలి, ఎవరిని బయటికి పంపాలి అని రెండు వేల ఏళ్లపాటు కొలువుల్లో వాదించుకుని, శాసనాలు రాసి, వాటిని మళ్లీ దిద్ది రాసుకున్న సంప్రదాయం ఒకటుంది. అది కన్ఫ్యూషియస్ సంప్రదాయం. చైనాలో పుట్టి కొరియా, వియత్నాం, జపాన్‌లలో వేళ్లూనింది. దాని గురించి మన తరగతి గదుల్లో వినిపించేది చాలా తక్కువ. అందుకే ఈ సాయంత్రం దానికిస్తున్నాను.

క్రీస్తుపూర్వం 479లో, ఇప్పటి షాన్‌డాంగ్ రాష్ట్రంలో ఉన్న చుఫు పట్టణంలో కన్ఫ్యూషియస్ కన్నుమూశాడు. అప్పటికి ఆయన చేతిలో ఏ అధికారమూ లేదు. ఏళ్ల తరబడి రాజ్యం నుంచి రాజ్యానికి తిరిగి, తన మాట ఆచరణలో పెట్టే ఏలిక దొరక్క సొంత ఊరు చేరుకున్న మనిషి. శిష్యులు కన్నతండ్రి పోయినట్టే భావించి మూడేళ్లు సంతాపం పాటించారు. గడువు తీరాక ఒకరినొకరు పట్టుకుని ఏడ్చి, మూటలు సర్దుకుని ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. జిగోంగ్ అనే శిష్యుడు మాత్రం కదల్లేదు. సమాధి పక్కన గుడిసె వేసుకుని మరో మూడేళ్లు ఒంటరిగా ఉండిపోయాడు. జిగోంగ్ పనీపాటా లేనివాడు కాదు. వ్యాపారంలో ఆరితేరినవాడు, రాజుల దగ్గర రాయబారం నడిపి పేరు తెచ్చుకున్నవాడు. అటువంటివాడు ఆరేళ్లు అన్నీ వదులుకున్నాడు. ఆ గుడిసె ఉన్న చోటును గుర్తుచేసే చిన్న కట్టడం చుఫు సమాధివనంలో ఇప్పటికీ కనిపిస్తుంది.

అది శిష్యులిచ్చిన గౌరవం. రాజ్యమిచ్చిన గౌరవం వేరే దారిలో మొదలైంది. క్రీస్తుపూర్వం 195లో హాన్ వంశ స్థాపకుడు గావ్‌జూ చక్రవర్తి చుఫు మీదుగా వెళ్తూ, ఎద్దును, గొర్రెను, పందిని బలిచ్చి కన్ఫ్యూషియస్‌కు మహార్పణ చేశాడు. ఈ గావ్‌జూయే ఒకప్పుడు పండితులు కనబడితే వాళ్ల టోపీలు లాక్కుని వాటిలో మూత్రం పోసేవాడని చరిత్రకారుడు సిమా చియాన్ రాశాడు. గుర్రం మీద గెలిచిన రాజ్యాన్ని నిలబెట్టుకోవాలంటే చదువుకున్నవాళ్లు కావాలని ఆయనకు తర్వాత అర్థమైంది. ఆ అర్పణలో భక్తి ఎంతో, అవసరం ఎంతో మనం విడదీసి చూడలేం. కానీ ఆనాటి నుంచి ఈ రెండు గౌరవాలూ పెనవేసుకుని, పెనుగులాడుకుంటూ నడిచాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రాజ్యం వేసిన పీటను రాజ్యమే లాగేయగలిగింది. శిష్యులు వేసిన పీట మాత్రం అక్కడే ఉంది.

క్రీ.శ. 630లో టాంగ్ వంశపు తైజోంగ్ చక్రవర్తి ప్రతి జిల్లా పాఠశాలలోనూ కన్ఫ్యూషియస్ ఆలయం కట్టాలని ఆజ్ఞ ఇచ్చాడు. బడి, గుడి ఒకే ప్రాకారంలోకి వచ్చాయి. చదువుకునే పిల్లవాడు రోజూ ఆ గుమ్మం ముందు నుంచే వెళ్లాలి. ఆ గుడిలో ఉన్నది దేవుడు కాదు, తనలాగే చదువుకుని, తనలాగే సందేహాలు పడిన ఒక మాస్టారు. ఆయన ఒక్కడే కాదు, చుట్టూ ఆయన శిష్యులు, వాళ్ల శిష్యులు, ఆ గ్రంథాలకు వ్యాఖ్యానాలు రాసినవాళ్లు. 647లో ఇరవై రెండుమంది వ్యాఖ్యాతలకు అక్కడ స్థానం ఇచ్చారు. పుస్తకానికి టీక రాసినవాడికి గుడిలో చోటివ్వడం నాకెంతో నచ్చిన విషయం.

ఆ మందిరంలో కూర్చునే వరస చూడండి. ఉత్తరాన, దక్షిణముఖంగా కన్ఫ్యూషియస్. ఆయనకు రెండు పక్కలా నలుగురు: ప్రియశిష్యుడు యెన్ హుయి, మరో శిష్యుడు జెంగ్‌జి, మనవడు జిసి, ఆ తర్వాతి తరాలవాడైన మెన్షియస్. ఈ నలుగురి వరస 1267లో స్థిరపడింది. జెంగ్‌జి దగ్గర జిసి చదువుకున్నాడు, జిసి శిష్యుల దగ్గర మెన్షియస్ నేర్చుకున్నాడు అంటారు. అంటే గురువు నుంచి శిష్యుడికి చదువు ఎలా చేతులు మారిందో ఆ నాలుగు పీటలే చెబుతాయి. వాళ్ల వెనక పన్నెండుమంది జ్ఞానులు. బయట తూర్పు, పడమర వసారాల్లో మరో 150 మందికి పైగా.

ఆ పన్నెండుమంది మొదట పదిమంది. కన్ఫ్యూషియస్ సంభాషణల గ్రంథంలో ఒకచోట శిష్యుల పేర్లు పది వస్తాయి: శీలంలో మేటి నలుగురు, మాటలో ఇద్దరు, పాలనలో ఇద్దరు, సాహిత్యంలో ఇద్దరు. 720లో టాంగ్ కొలువు ఆ జాబితానే తీసుకుని పదిమందికీ కూర్చున్న విగ్రహాలు పెట్టించింది. ఇక్కడ ఇద్దరి దగ్గర నేను కాస్త ఆగుతాను. ఒకడు జాయ్ వో. పట్టపగలు నిద్రపోతూ దొరికితే గురువు అతన్ని పుచ్చిపోయిన కొయ్యతో పోల్చి, దానిమీద చెక్కడం పనికిరాదన్నాడు. తల్లిదండ్రులు పోతే మూడేళ్ల సంతాపం ఎందుకు, ఏడాది చాలదా అని గురువుతో వాదించినవాడు కూడా ఇతనే. రెండోవాడు రాన్ చియు. అప్పటికే కోట్లకు పడగలెత్తిన ఒక కుటుంబం కొలువులో చేరి, ఆ కుటుంబం కోసం రైతుల దగ్గర పన్నులు ఇంకా పిండాడు. ఇతను నా శిష్యుడు కాడు, డప్పు కొట్టి వీడిమీద పడండి అనే అర్థంలో కన్ఫ్యూషియస్ మిగిలిన శిష్యులకు చెప్పాడు. గురువు నోట ఇంతకంటే కఠినమైన మాట ఆ గ్రంథంలో కనిపించదు.

వీళ్లిద్దరూ ఈరోజుకీ ఆ మందిరంలో కూర్చునే ఉన్నారు. తర్వాతి కాలం పండితులకు ఇది ఇబ్బందిగానే ఉంది, అయినా వాళ్లను లేపలేదు. తిట్లు తిన్న శిష్యుడికి కూడా గురువు పక్కన స్థానం ఉండటం ఈ సంప్రదాయం గురించి గొప్ప విషయం చెబుతుంది. వినయంగా తలూపినవాడినే గౌరవించే ఏర్పాటయితే జాయ్ వోకి అక్కడ చోటుండేది కాదు. అంతెందుకు, తలూపే విషయంలో మొదటివాడైన యెన్ హుయి గురించే గురువు ఒక ఫిర్యాదు చేశాడు: నేనేమన్నా సంతోషంగా ఒప్పుకుంటాడు, అందువల్ల అతని నుంచి నాకు సాయమేమీ అందదు అని. ఇది మెచ్చుకోలు కూడా అని వ్యాఖ్యాతలు అంటారు. ఫిర్యాదు కూడా అందులో ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు 1530కి వస్తాను. ఈ చరిత్రలో నన్ను బాగా పట్టుకున్న సంవత్సరం అది. అప్పటికి కన్ఫ్యూషియస్‌కు రాజబిరుదు ఉంది. 739లో టాంగ్ చక్రవర్తి ఆయన్ని రాజును చేశాడు, తర్వాతి వంశాలు ఆ బిరుదుకు ఇంకా తోకలు చేర్చాయి. విగ్రహానికి రాజవస్త్రాలు, రాజకిరీటం తొడిగారు. ఒక చిన్న రాజ్యంలో కొన్నాళ్లు ఉద్యోగం చేసిన మాస్టారు, పోయిన పన్నెండు వందల ఏళ్లకు రాజయ్యాడు. మింగ్ వంశపు జియాజింగ్ చక్రవర్తి, ఆయన మంత్రి జాంగ్ చోంగ్ కలిసి దీన్ని మొత్తం తిరగేశారు. రాజబిరుదు తీసేశారు. పరమజ్ఞాని, ఆదిగురువు అనే పేరు మాత్రం మిగిల్చారు. బళ్లలోని ఆలయాల్లో మట్టి విగ్రహాలు తొలగించి, పేరు రాసిన చెక్క ఫలకాలు పెట్టమన్నారు. అర్పణ పాత్రలు, నాట్యం చేసేవారి సంఖ్య తగ్గించారు. చుఫులోని ఆలయానికి మాత్రం విగ్రహం ఉంచుకునే మినహాయింపు దక్కింది.

జియాజింగ్ చక్రవర్తి ఉద్దేశాలు అంత శుద్ధమైనవి కావు. సింహాసనానికి దత్తుడిగా కాకుండా తన కన్నతండ్రి కొడుకుగానే వచ్చానని నిరూపించుకోవడానికి ఆయన పండితులతో ఏళ్ల తరబడి పోరాడాడు, కొందరిని కొరడాలతో కొట్టించి చంపించాడు. పండితుల గురువు రాజుగా ఉండటం ఆయనకు గిట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. అయినా ఆ నిర్ణయం సరైనదేనని నా తీర్పు. చాలామంది పండితులు అంతకుముందు నుంచే కోరుతున్నది అదే. గురువు ముఖం ఎవరికీ తెలియదు. ఒక్కో ఊళ్లో ఒక్కో శిల్పి తనకు తోచిన గడ్డం, తోచిన కళ్లు పెట్టాడు. రంగు పెచ్చులూడిన బొమ్మకు దండం పెడుతున్నామా, ఆయన చెప్పినదానికా అని వాళ్లు అడిగిన ప్రశ్నకు సరైన జవాబు లేదు. చెక్క ఫలకం మీద పేరు తప్ప ఏమీ ఉండదు. ఆ పేరు చదివినవాడికి ఆయన మాటలు గుర్తుకు రావాలి. రాకపోతే ఫలకం ఖాళీ చెక్కే.

అదే ఏడాది ఇంకో చిక్కు కూడా తీర్చారు. యెన్ హుయి తండ్రి, జెంగ్‌జి తండ్రి ఇద్దరూ కన్ఫ్యూషియస్ దగ్గరే చదువుకున్నవాళ్లు. జిసి తండ్రి కన్ఫ్యూషియస్ సొంత కొడుకు. ఈ ముగ్గురూ బయట వసారాల్లో, వాళ్ల కొడుకులు లోపల గురువు పక్కన. తండ్రిని వసారాలో నిలబెట్టి కొడుకు లోపలి బంతిలో విస్తరి ముందు కూర్చున్నట్టు ఉంది. తండ్రీకొడుకుల మర్యాదను అన్నిటికంటే పైన పెట్టిన తత్వానికి ఇది మామూలు ఇబ్బంది కాదు. దీనిమీద పండితులు వందల ఏళ్లు వాదించారు. చివరికి వెనకవైపు వేరే మందిరం కట్టి, అందులో కన్ఫ్యూషియస్ తండ్రి షూలియాంగ్ హకి ప్రధానస్థానం ఇచ్చి, ఆ తండ్రులను ఆయన పక్కన చేర్చారు. లోపల చదువు వరస, వెనక వంశం వరస. చదువులో కొడుకు తండ్రిని మించవచ్చు, ఇంట్లో మించడు. ఈ రెండింటినీ ఒకే ప్రాంగణంలో, ఒకదాన్ని ఒకటి చెరిపేయకుండా నిలబెట్టిన తీరు నాకు అద్భుతంగా అనిపిస్తుంది.

వసారాల్లో స్థానం దక్కడం, పోవడం గురించి కొంచెం చెప్పాలి. 1104లో సంస్కర్త, కవి వాంగ్ అన్‌షికి ఏకంగా మెన్షియస్ సరసన స్థానం ఇచ్చారు. ఆయన అనుచరులు అధికారంలో ఉన్న రోజులవి. 1126లో ఉత్తరాది నుంచి దాడులు ముంచుకొచ్చి కొలువు కూలుతున్నప్పుడు ఆయన్ని వసారాలోకి దింపారు. 1241లో అక్కడి నుంచీ తీసేశారు. అదే 1241లో తాత్వికుడు జూ షీ ఆలయంలోకి వచ్చాడు. ఆయన 1200లో చనిపోయేనాటికి ఆయన బోధ కపట విద్య అని నిషేధంలో ఉంది. నలభై ఏళ్లలో నిషిద్ధుడు పూజ్యుడయ్యాడు. 1712లో కాంగ్‌షీ చక్రవర్తి ఆయన్ని వసారా నుంచి లోపలి జ్ఞానుల సరసకు తెచ్చాడు. మరో తాత్వికుడు వాంగ్ యాంగ్‌మింగ్ కథా అంతే: 1529లో పోయినప్పుడు అనుమానితుడు, 1584లో ఆలయంలో సభ్యుడు. వ్యాఖ్యాతల్లో మేరువు జెంగ్ షువాన్ 647లో వచ్చి, 1530లో వెళ్లి, 1724లో తిరిగి వచ్చాడు. షున్‌జి మాత్రం 1084లో వచ్చి 1530లో వెళ్లాడు, చక్రవర్తుల కాలంలో మళ్లీ రాలేదు. మనిషి స్వభావం పుట్టుకతో మంచిది కాదు, చదువే దాన్ని మంచిదిగా చేస్తుందని చెప్పినందుకు ఆయన పోగొట్టుకున్న స్థానమది. ఉపాధ్యాయ వృత్తికి అంతకంటే పెద్ద పీట వేసిన తాత్వికుడు ఇంకొకరు లేరు. ఆయన్ని బయటికి పంపడం ఈ సంప్రదాయం చేసిన పెద్ద పొరపాటు.

వీటన్నిటిలోనూ పాఠం చెప్పే ఘట్టం మెన్షియస్‌ది. మింగ్ వంశం స్థాపించిన హోంగ్‌వూ చక్రవర్తి పేదరైతు ఇంట పుట్టి, అనాథగా బౌద్ధమఠంలో పెరిగి, తిరుగుబాటు చేసి గద్దెనెక్కినవాడు. ఆయన మెన్షియస్ గ్రంథం చదివాడు. రాజు తన మనుషులను మట్టిగడ్డల్లా చూస్తే వాళ్లు అతన్ని శత్రువులా చూస్తారనే భావం దగ్గర కోపంతో ఊగిపోయాడు. ప్రజలు ముఖ్యం, రాజు అందరికంటే తక్కువ ముఖ్యం అనే వాదం కూడా ఆ గ్రంథానిదే. ఆలయం నుంచి మెన్షియస్ ఫలకం తీసేయమన్నాడు, అడ్డుచెప్పినవాడిని రాజద్రోహిగా చూస్తానన్నాడు. అయినా చియాన్ తాంగ్ అనే మంత్రి వచ్చి ఎదురు నిలబడ్డాడు. మెన్షియస్ కోసం చావడం నాకు కీర్తే అన్నాడని మింగ్ చరిత్ర చెబుతుంది. చక్రవర్తి మంత్రిని చంపలేదు, ఫలకాన్ని తిరిగి పెట్టించక తప్పలేదు. కానీ ఊరుకోలేదు. 1394లో మెన్షియస్ గ్రంథం నుంచి 85 భాగాలు కత్తిరించి కుదించిన ప్రతి తయారు చేయించాడు. తీసేసిన భాగాలమీద పరీక్షల్లో ప్రశ్నలు ఉండకూడదన్నాడు.

ఆలోచించండి. ఫలకం గుడిలో ఉంది, ధూపం వెలుగుతోంది, ఏటా రెండుసార్లు అర్పణలు జరుగుతున్నాయి. పుస్తకం మాత్రం సగం మూగబోయింది. గౌరవం ఇచ్చి మాటను తీసేసుకోవడం కంటే తాత్వికుడికి పెద్ద అవమానం ఉంటుందా? గుడిలోంచి తీసేసిన రోజుల్లోకంటే, గుడిలో ఉంచి గ్రంథం కత్తిరించిన రోజుల్లోనే మెన్షియస్‌కు ఎక్కువ అన్యాయం జరిగింది. ఆ కుదింపు నిలవలేదు. యోంగ్లె చక్రవర్తి కాలంలో పూర్తి గ్రంథం మళ్లీ బళ్లలోకి వచ్చింది. నిలబెట్టింది చదువుకున్నవాళ్ల పట్టుదలే.

కొరియాలో ఈ కథకు మరో రంగు వచ్చింది. సియోల్‌లో సంగ్యున్‌గ్వాన్ అనే పాత రాజవిద్యాలయం ఆవరణలో కన్ఫ్యూషియస్ ఆలయం ఉంది. అక్కడ వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి సోక్‌జోన్ అనే అర్పణ జరుగుతుంది. 1116లో సోంగ్ చక్రవర్తి హుయ్‌జోంగ్ పంపిన వాద్యాలతో కొరియాకు చేరిన ప్రాచీన సంగీతం అక్కడ ఇంకా వినిపిస్తుంది. ఎనిమిది వరసల్లో ఎనిమిదేసిమంది, మొత్తం 64 మంది నర్తకులు నెమ్మదిగా వంగి లేస్తారు. మొదటి నాట్యంలో చేతిలో వేణువు, నెమలిజాతి పక్షి ఈకలు, రెండోదాంట్లో డాలు, గొడ్డలి. సంగీతం ఆపే సమయం వచ్చినప్పుడు ఒకాయన, కూర్చున్న పులి ఆకారంలో చెక్కిన కొయ్య వాద్యం దగ్గరికి వెళ్లి, చీలికలుగా చీల్చిన వెదురుకర్రతో దాని తలమీద మూడుసార్లు కొట్టి, రంపపుపళ్లలా ఉన్న వీపుమీద కర్రను బరబరా గీస్తాడు. దాంతో సంగీతం ముగిసిందన్నమాట. అర్పణలో కోరికలు కోరరు. మొక్కులు లేవు. ఆహారం, మద్యం, పట్టు సమర్పించి నమస్కరించి వచ్చేస్తారు.

ఆ ఆలయంలో 39 ఫలకాలు ఉన్నాయి. వాటిలో 18 కొరియా సొంత పండితులవి. అందులో జో గ్వాంగ్‌జో ఒకడు. యువరాజకీయవేత్తగా రాజును నిలదీసి, సంస్కరణల కోసం పట్టుబట్టి, 1519 నాటి పండితసంహారంలో విషం తాగాల్సి వచ్చినవాడు. ఆయన్ని ఆలయంలో చేర్చాలని విద్యార్థులు, పండితులు దశాబ్దాలపాటు రాజుకు వినతులు పెట్టారు. 1610లో మరో నలుగురితో కలిపి చేర్చారు. యుల్గోక్ అనే కలంపేరుతో ప్రసిద్ధుడైన యి ఇ 1680ల మొదట్లో చేరాడు. 1689లో ప్రత్యర్థివర్గం అధికారంలోకి రాగానే ఆయన ఫలకం బయటికి వెళ్లింది, 1694లో ఆ వర్గం పడిపోగానే లోపలికి వచ్చింది. అయిదేళ్లలో యుల్గోక్ రాసిన వాక్యం ఒక్కటీ మారలేదు. మారింది మంత్రివర్గం.

ఆ పద్దెనిమిదిమందిలో నా మనసు ఎప్పుడూ వెళ్లేది యి హ్వాంగ్ దగ్గరికి. త్వేగ్యే ఆయన కలంపేరు. ఆయన బొమ్మ ఇప్పుడు కొరియా వెయ్యి వోన్‌ల నోటుమీద ఉంది, పక్కనే సంగ్యున్‌గ్వాన్ పాఠశాల భవనం, ఆయనకు ప్రాణమైన ప్లమ్ పూలు. సియోల్‌లో ఆయన పేరిట పెద్ద రోడ్డు ఉంది. ఇవన్నీ రాజ్యమిచ్చిన గౌరవాలు. కానీ 1559లో జరిగినదాన్ని చూడండి. అప్పటికి ఆయనకు అరవై దగ్గరపడుతోంది. దేశంలో అందరికంటే పెద్ద పండితుడు. ఆయనకంటే 26 ఏళ్లు చిన్నవాడైన గి దేసంగ్, అప్పుడప్పుడే పరీక్ష పాసైనవాడు, ఆయన సిద్ధాంతాన్ని తప్పుపట్టాడు. జాలి, సిగ్గు, మర్యాద, తప్పొప్పుల ఎరుక అని మెన్షియస్ చెప్పిన నాలుగు మంచి మొలకలు వేరు, సంతోషం, కోపం వంటి మామూలు ఉద్వేగాలు వేరు, రెండూ వేర్వేరు మూలాల నుంచి పుడతాయని త్వేగ్యే అన్నాడు. ఒకే మనసులో రెండు మూలాలా అని ఆ కుర్రవాడి ప్రశ్న.

పెద్దాయన ఏం చేయవచ్చు? ఊరుకోవచ్చు. ఎవరో ఒక శిష్యుడి చేత జవాబు రాయించవచ్చు. ఆయన స్వయంగా జవాబు రాశాడు. అవతలి నుంచి మళ్లీ ఉత్తరం వచ్చింది. మళ్లీ రాశాడు. ఏళ్ల తరబడి ఈ ఉత్తరాలు నడిచాయి. మధ్యలో తన సూత్రాన్ని దిద్దుకున్నాడు. కుర్రవాడి అభ్యంతరంలో పస ఉన్నచోట ఒప్పుకున్నాడు, లేదనుకున్నచోట తన మాటమీదే నిలబడ్డాడు. ఉత్తరాల్లో ఇద్దరి మర్యాదా చెక్కుచెదరలేదు. కొరియా తత్వశాస్త్రంలో అన్నిటికంటే లోతైన చర్చగా ఇప్పటికీ చదివేది దాన్నే. నా దృష్టిలో త్వేగ్యేకు దక్కిన అన్నిటికంటే పెద్ద గౌరవం నోటుమీద బొమ్మ కాదు, గి దేసంగ్ రాసిన మొదటి ఉత్తరం. మీరు చెప్పింది నేను పూర్తిగా చదివాను, అందుకే ఒప్పుకోలేకపోతున్నాను అని ఒక పాఠకుడు రాయడం కంటే తాత్వికుడు కోరుకునేదేముంటుంది?

త్వేగ్యే తన సమాధిమీద పెద్ద శిలాశాసనం వేయవద్దని, చిన్న రాతిమీద తన పేరు, ఆలస్యంగా ఏకాంతవాసం పట్టిన విషయం మాత్రం రాయమని చెప్పి 1570లో కన్నుమూశాడు. పూలకుండీలోని ప్లమ్ మొక్కకు నీళ్లు పోయమన్నది ఆయన చివరి మాటల్లో ఒకటిగా చెబుతారు. ఆయన పాఠం చెప్పిన ఇల్లు దోసాన్‌లో ఉంది. వంటచోటు, ఒక గది, ఒక అరుగు, అంతే. ఆయన పోయాక 1574లో శిష్యులు దాని వెనక విద్యాలయం కట్టారు కానీ ఆ చిన్న ఇంటిని ముట్టుకోలేదు. ఇటువంటి గురుకులాలు తర్వాత వందల్లో లేచాయి, భూములు కూడబెట్టాయి, పన్ను కట్టడం మానేశాయి, రైతులను పీడించాయి. 1871లో రాజప్రతినిధి దేవన్‌గున్ 47 మినహా అన్నిటినీ మూయించాడు. గురువు పేరు చెప్పుకుని రైతును పీడించే గురుకులాన్ని మూయించడం న్యాయమే. దోసాన్ నిలిచింది. 2019లో యునెస్కో గుర్తించిన తొమ్మిది గురుకులాల్లో అదీ ఒకటి.

వియత్నాం నుంచి ఒక్క మనిషి గురించి చెప్పి ముందుకెళ్తాను. హనోయిలో 1070లో స్థాపించిన వాన్ మియు ఆలయం ఉంది. తాబేళ్ల వీపులమీద నిలిచిన 82 శిలాఫలకాలమీద రాజపరీక్షల్లో నెగ్గినవారి పేర్లు చెక్కి ఉంటాయి. అక్కడ గౌరవం పొందిన దేశీయ గురువుల్లో ముఖ్యుడు చు వాన్ ఆన్. రాజుకు చదువు చెప్పినవాడు. కొలువులోని ఏడుగురు అవినీతిపరులకు మరణశిక్ష వేయమని రాజుకు విన్నపం రాశాడు. రాజు పట్టించుకోలేదు. అధికారపు టోపీ తీసి గుమ్మానికి తగిలించి కొండల్లోకి వెళ్లిపోయి పిల్లలకు పాఠాలు చెప్పుకున్నాడని వియత్నామీయులు చెప్పుకుంటారు. 1370లో ఆయన మరణించాక కొత్త రాజు ఆయన్ని ఆలయంలో చేర్చాడు. ఆ విన్నపం పాఠం ఇప్పుడు ఎక్కడా లేదు. పోయింది. అయినా ఆ దేశంలో గురువంటే ఎవరని అడిగితే మొదట ఆయన పేరే చెబుతారు.

ఇది పూజా, కాదా అన్న ప్రశ్న మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఈ ప్రశ్న రోమ్‌ను కూడా పట్టి కుదిపింది. మాటియో రిచీ వంటి జెసూట్ పాదరీలు ఇది గురువుకు చేసే పౌరగౌరవమే, చైనా క్రైస్తవులు చేయవచ్చన్నారు. 1700లో కాంగ్‌షీ చక్రవర్తి కూడా అదే తేల్చి చెప్పాడు. పోప్‌లు ఒప్పుకోలేదు. 1704లో, 1715లో, 1742లో నిషేధాలు వచ్చాయి. 1939లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. జపాన్‌లో ఇది ఇంకా సజీవమైన వివాదం. ఒకినావాలోని నాహా నగరం పార్కు స్థలాన్ని కన్ఫ్యూషియస్ ఆలయానికి అద్దె లేకుండా ఇవ్వడం రాజ్యాంగవిరుద్ధమని 2021లో జపాన్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1944లో చైనా వెళ్లి ఉపన్యాసాలిచ్చారు. అవి ఇండియా అండ్ చైనా అనే పుస్తకంగా వచ్చాయి. కన్ఫ్యూషియస్ మార్గాన్ని ఆయన చైనా మతాల కిందే చర్చించారు. మొక్కు, వరం లేని చోట పూజ అనే మాట నాకు సరిపడదు. అయితే ఫలకం ముందు వంగేవాళ్ల మనసులో ఏముందో చెప్పడానికి కోర్టు తీర్పు గానీ, పోప్ ఆజ్ఞ గానీ చాలవు.

ఇరవయ్యో శతాబ్దం ఈ గౌరవాన్ని కూకటివేళ్లతో పెకలించే ప్రయత్నం చేసింది. 1966 నవంబరులో బీజింగ్ నుంచి వచ్చిన రెడ్‌గార్డులు చుఫులో విగ్రహాన్ని ధ్వంసం చేశారు, శిలాశాసనాలు పగలగొట్టారు, సమాధులు తవ్వారు. అదే ఊళ్లో 2004లో ప్రభుత్వం స్వయంగా అర్పణ జరిపించింది. 2011 జనవరిలో తియానన్‌మెన్ చౌరస్తా పక్కన తొమ్మిదిన్నర మీటర్ల కన్ఫ్యూషియస్ కంచు విగ్రహం లేచింది, నాలుగు నెలలు తిరక్కుండానే ఒక రాత్రి అక్కడి నుంచి కదిలిపోయింది. కారణం ఎవరూ చెప్పలేదు. హోంగ్‌వూ చక్రవర్తి, జియాజింగ్ చక్రవర్తి చూసుంటే వాళ్లకిది కొత్తగా అనిపించేది కాదు.

ఇంకో మాట చెప్పకుండా ఈ విషయం వదలలేను. ఆ మందిరాల్లో, వసారాల్లో వెతికితే ఒక్క స్త్రీ ఫలకం కనిపించదు. కొడుకు చదువు కోసం మూడుసార్లు ఇల్లు మారిందని చైనా అంతా చెప్పుకునే మెన్షియస్ తల్లికీ అక్కడ చోటు లేదు. తండ్రుల కోసం వేరే మందిరం కట్టినవాళ్లకు తల్లులు గుర్తుకు రాలేదు. కొరియా 2009లో యాభై వేల వోన్‌ల నోటుమీద యుల్గోక్ తల్లి, చిత్రకారిణి సిన్ సైమ్‌దాంగ్ బొమ్మ వేసింది. అప్పుడు కూడా మంచి తల్లిగానా, మంచి చిత్రకారిణిగానా దేనికి గౌరవిస్తున్నారని అక్కడి మహిళాసంఘాలు నిలదీశాయి. ఆ ప్రశ్న న్యాయమైనది. ఈ సంప్రదాయాన్ని ప్రేమించేవాళ్లే దానికి జవాబు చెప్పాలి.

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారి శిష్యులు ఈ సభలో ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నా కోరిక మీ ముందు పెడుతున్నాను. మెన్షియస్ గ్రంథానికి మంచి ఇంగ్లీషు అనువాదాలున్నాయి, మన విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో దొరుకుతాయి. పెద్ద పుస్తకం కాదు, వారం రోజుల్లో చదవగలరు. చైనీస్ నేర్చుకునే ఓపిక ఉన్న కుర్రవాళ్లు, అమ్మాయిలు ఎవరైనా ఉంటే మూలం నుంచే తెలుగులోకి తేవడానికి పూనుకోండి. తెచ్చేటప్పుడు హోంగ్‌వూ చక్రవర్తి కత్తిరించిన ఆ 85 భాగాల్లో ఒక్కటీ వదలకండి. చదివాక మీకు నచ్చనిది ఏదైనా ఉంటే, ఎందుకు నచ్చలేదో కారణాలతో సహా రాసి అచ్చు వేయండి.